దేవుడికి అడ్రసు చెప్పే పెద్దమ్మ

ఆమె పోయి నెల దాటింది. అయినా శుక్రవారం పొద్దున చర్చి మీద మైకు గరగరమనగానే నా చేతిలో గరిటె ఆగిపోతుంది. పెనం మీద దోసె మాడుతుంది. "ఏంది మ్మే, ధ్యానం యాడ పెట్టినావు?" అని బండి దగ్గరున్నవాళ్ళు అడుగుతారు. నా ధ్యానం ఎక్కడికీ పోలేదు, ఆ మైకులోనే ఉంది. అందులో ఆమె గొంతు వచ్చి ఏళ్ళయింది, ఇక రాదని నాకు తెలుసు. తెలిసినా గుండె దడ మానదు.

నేను తేలుకు భయపడను. పోలీసుకు భయపడను. అర్ధరాత్రి కరెంటు పోయినా ఒక్కదాన్నే పిండి రుబ్బుకుంటాను. అలాంటిదాన్ని, నా మేలు కోరి దేవుణ్ణి వేడుకునే ఒక ముసలామెకు భయపడి బతికాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు.

మార్కాపురం శివార్లలో మా కాలనీ. ఆమెది మా పక్కిల్లు, పెద్దమ్మా అని పిలిచేదాన్ని. రెండిళ్ళకూ రేకుల కప్పే, మధ్యలో గోడ ఒకటే. ఆమె తుమ్మితే ఇవతల నుంచి నేను చిరంజీవ అనేదాన్ని. త్రిపురాంతకం దగ్గర పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక ఇటు వచ్చి, పలకల కార్ఖానాలో రాయి కోసే మిషను పక్కన వయసంతా పని చేసింది. ఆ మిషను మోతలో అరిస్తే తప్ప మాట వినపడదు. పని మానేశాక కూడా ఆమె గొంతు ఆ మోతకు తగ్గట్టుగానే ఉండిపోయింది. గుసగుసలాడటం ఆమెకు చేతకాదు. "ఎవురికీ చెప్పగాకు మ్మే" అని నా చెవిలో చెప్పిన రహస్యం మూడో వీధిలో బట్టలు ఉతుక్కునేవాళ్ళకు వినపడేది.

అలాంటి గొంతుకు శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మైకు ఇచ్చేవాళ్ళు. చర్చి మీద హారను సరిగ్గా మా కాలనీ వైపు తిరిగి ఉంటుంది. ఎవరికి ఏ కష్టమున్నా ఆమె పేరుపేరునా దేవుడికి విన్నవించేది. పేరు ఒక్కటే కాదు, అడ్రసు కూడా చెప్పేది. దానికి ఒక కారణం ఉంది. మా కాలనీలో ముగ్గురు మరియమ్మలు. ఒకసారి కాలు విరిగిన మరియమ్మ కోసం ఆమె ఏడురోజులు ఉపవాసముండి ప్రార్థన చేస్తే, ఆ మరియమ్మ మంచంలోనే ఉంది కానీ, కోళ్ళు పెంచే మరియమ్మకు ఎప్పటినుంచో ఉన్న మోకాళ్ళ నొప్పి పోయిందట. "తప్పు నాదే. గుర్తులు సరిగ్గా చెప్పకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు, లోకంలో ఎంతమంది మరియమ్మలు!" అని ఆమె చాలా బాధపడింది. అప్పటినుంచి జాగ్రత్త పడింది.

"ప్రభువా, నీకు తెలవందేముంది, అయినా గుర్తులు చెప్తన్నా" అని మొదలుపెట్టేది. "మూడో వీధి, నీళ్ళ ట్యాంకు కాడ, పచ్చ తలుపు. ఆధార్ కార్డులో పేరు వేరే ఉంది తండ్రీ, అది చూసి పొరపాటు పడొద్దు." టీ కొట్టు బాషా అన్నకు గుండె ఆపరేషన్ అయినప్పుడు, "ఆయన నీ కాడికి రాడు ప్రభువా, మసీదుకు పోతాడు. నువ్వే ఆయన కాడికి పో" అంది. బాషా అన్న మంచం మీద పడుకుని అది విని, కుట్లు లాగుతున్నా నవ్వాడని వాళ్ళావిడ చెప్పింది.

ప్రార్థనతో ఊరుకునే మనిషి కాదు. ట్యాంకరు వచ్చేవేళకు కూలికి పోయినవాళ్ళ బిందెలన్నీ తనే వరసలో పెట్టి, తనే పట్టి, మూతలేసి వాళ్ళ గుమ్మాల ముందు దించేది. ట్యాంకరు డ్రైవరు విసుక్కుంటే, "నీ కోసం గూడా అడుగుతన్నా లే నాయనా, నీ కోపం తగ్గాలని" అనేది. నన్ను చర్చికి రమ్మని ఒకే ఒకసారి పిలిచింది. మా గోడ మీద వెంకన్న పటం వైపు చూసి, "వస్తే సంతోషం. రాకపోయినా నువ్వు నా పక్కింటిదానివే గదా" అని, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

నా సంగతి చెప్పాలి. మా ఆయన ట్రాక్టరు డ్రైవరు. జ్వరాలు, విరేచనాలు అంటూ ఆరు నెలలు మంచం పట్టి పోయాడు. ఆయన పోయాక ఒంగోలులో నాకూ రక్తపరీక్ష చేసి హెచ్ఐవీ ఉందన్నారు. నా కూతురికి లేదన్నారు. రెండో మాట వినగానే మొదటిది మర్చిపోయి, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నవ్వాను. మొదటిది తిరుగు బస్సులో గుర్తొచ్చింది. మందులు తప్పకుండా వేసుకుంటే అందరిలాగే బతకొచ్చని, వండి పెడితే ఎవరికీ అంటదని అక్కడి నర్సమ్మ నాకు నాలుగుసార్లు చెప్పింది. నాకు చెప్తే ఏం లాభం, మా కాలనీకి ఎవరు చెప్పాలి? నాకున్నది టిఫిన్ బండి. దోసెలు, గుంతపొంగణాలు, ఆదివారమైతే ఉగ్గాని. దాని మీదే నేనూ, కంభం హాస్టల్లో చదువుకునే నా కూతురూ బతకాలి. ఆ జబ్బు పేరు బయటపడితే నా చేతి దోసె ఎవరు తింటారు?

అందుకని మాత్రల డబ్బా మీది కాగితం గీకేసి, మాత్రలు మెంతుల డబ్బాలో పోసుకున్నాను. నెలనెలా మందుల కోసం తెల్లవారకముందే ఒంగోలు బస్సెక్కేదాన్ని. ఎక్కడికని ఎవరైనా అడిగితే అక్కను చూడటానికని చెప్పేదాన్ని. నాకు అక్క లేదు.

మొదట్లో ఆ మందు నా ఒంటికి పడలేదు. వాంతులు, కళ్ళు తిరగడం. బండి తీసే ఓపిక లేకపోయింది. గోడ అవతల నుంచి అన్నీ వింటున్న పెద్దమ్మ జావ కాచుకుని వచ్చింది. నా నోట్లో ఆమే పోసింది. కక్కితే ఆమే ఎత్తింది. "ఏమైంది మ్మే?" అని అడిగితే పచ్చకామెర్లని చెప్పాను.

ఆ శుక్రవారమే మైకులో వచ్చింది. "రెండో వీధి, వేపచెట్టు దాటినాక రెండో రేకులిల్లు, టిఫిన్లమ్మే అమ్మాయి. పచ్చకామెర్లు ప్రభువా, తిన్నది కడుపులో నిలవడం లా." అది విని ఇద్దరు ముగ్గురు ఆకు పసరు తెచ్చిచ్చారు. ఒకామె నా కళ్ళ కింది రెప్పలు లాగి చూసింది. ఇంకొకామె, "పూర్తిగా తగ్గిందాకా బండి తీయగాకు, పిల్లలు తింటారు" అంది. పచ్చకామెర్లకే ఇంత పరీక్ష ఉంటే అసలు సంగతికి ఎంత ఉంటుందోనని నాకు అన్నం సహించలేదు.

పది రోజులైనా నాకు తగ్గలేదు. పెద్దమ్మ వచ్చి నా మంచం పక్కన చతికిలబడింది. రాయి పొడి పట్టి బూడిదరంగుకు తిరిగిన గోళ్ళతో మంచం పట్టె గీకుతూ కాసేపు కూర్చుంది.

"నాకొక అనుమానం మ్మే. జబ్బు పేరు నేను తప్పు చెప్పినానా ఏంది? ఆయన పచ్చకామెర్లకు మందేస్తా ఉన్నాడు, నీకు ఉండేది ఇంకోటి. అందుకే తగ్గలా. నిజం చెప్పు, నాయనా."

ఎన్ని రకాలుగా అడిగినా తట్టుకునేదాన్ని. ఇంత అమాయకంగా అడిగితే తట్టుకోలేకపోయాను. చెప్పేశాను. ఆమెకు అర్థం కావడానికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక నా తల తన ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, "ఆ పేరు ఇంకోసారి చెప్పు" అంది. "హెచ్చు... ఐ... వీ." పలకడం నేర్చుకుంటోంది. ఎందుకు నేర్చుకుంటోందో తెలిసి నా ప్రాణం పోయింది.

"పెద్దమ్మా, నీ కాళ్ళు మొక్కుతా. ఇది మైకులో చెప్పగాకు."

"దేవునికి చెప్పకుండా ఎట్లమ్మే?"

"ఇంట్లో చెప్పుకో. మెల్లగా చెప్పుకో."

"నేనొక్కదాన్నే అడిగితే యాడ చాలుతాది? సంఘమంతా ఆమెన్ అనాల. పచ్చకామెర్లకైతే నేనొక్కదాన్ని చాలు. ఇది పెద్దది."

"వాళ్ళు ఆమెన్ అన్న మర్నాడు నా బండి మూతపడతాది. నా బిడ్డ చదువు మానుకుంటాది. పేరు చెప్పొద్దు."

"పేరు, గుర్తులు లేకుండా అడిగితే అది యాడికో పోతాది మ్మే. మరియమ్మ సంగతి తెలుసు గదా."

వాదించే ఓపిక నాకు లేదు. ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, చెప్పననీ అనలేదు, చెప్తాననీ అనలేదు. చెంగు దులుపుకుని వెళ్ళిపోయింది. అది మంగళవారం. బుధ, గురువారాలు గోడ అవతల చడీ చప్పుడూ లేదు. ఆమె గొంతు వినపడితే భయపడే నేను, వినపడకపోతే ఇంకా భయపడ్డాను. ఊరొదిలి గిద్దలూరు పోదామా అనుకున్నాను. అక్కడైనా మైకులుండవా అనుకుని ఊరుకున్నాను.

శుక్రవారం లేని ఓపిక తెచ్చుకుని బండి తీశాను. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని వినడం కంటే నలుగురిలో ఉండటమే మేలనిపించింది. మిషను వదిన, అంటే మా వీధిలో బట్టలు కుట్టే ఆమె, పొంగణాల కోసం గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. మైకు గరగరమంది.

"ప్రభువా, నీకు తెలవందేముంది, అయినా గుర్తులు చెప్తన్నా. మా కాలనీ. రెండో వీధి."

పొంగణాలు తిప్పే పుల్ల పక్కన పెట్టేశాను.

"వేపచెట్టు దాటినాక రెండు రేకులిళ్ళు ఉంటాయి. మధ్యలో ఒకటే గోడ." అక్కడ ఆగింది. మైకులో ఆమె ఊపిరి వినపడుతోంది. "ఆ గోడకు ఇవతలిల్లు. అంటే నాదే ప్రభువా. నాకే వచ్చింది. హెచ్చు, ఐ, వీ అంటారు. డాక్టర్లు మందిచ్చినారు. ఆ మందు ఒంటికి పట్టేటట్టు చెయ్యి. వాంతులు ఆపు. చేసుకునే పని పోకుండా కాపాడు. బిడ్డను చదివించుకునే బలమియ్యి..."

ఆమెకు బిడ్డలు లేరు. మాట జారింది. ఆమెకూ తెలిసినట్టుంది. "బిడ్డలంటే, కాలనీలో బిడ్డలంతా నా బిడ్డలే గదా తండ్రీ" అని సర్దుకుంది.

సంఘం ఆమెన్ అంది. ఎప్పుడూ ఒక్క గొంతుతో వచ్చే ఆమెన్ ఆరోజు అక్కడొకటి ఇక్కడొకటి వచ్చింది. బండి దగ్గర మిషను వదిన గిన్నె పక్కన పెట్టి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈ వయసులో ఈమెకు ఇదేం రోగం!" అంది. నేను పొంగణాలు తీసి ఆమె గిన్నెలో వేశాను.

సాయంత్రం గోడ అవతలికి పరిగెత్తాను. "ఎందుకట్ల చెప్పినావు పెద్దమ్మా?"

"వేరే దారి కనపడలా. సంఘం ఆమెన్ అనాల, నీ పేరు రాగూడదు. మూడు దినాలు ఆలోచన చేసినా. పొరుగోళ్ళను ప్రేమించాలని ప్రభువు ఊరికే చెప్పలా గదా, నిన్నువలె అని గూడా చెప్పినాడు. నిన్నువలె అంటే ఏంది మ్మే, నీదే నాదని గదా. గోడ ఒకటే గదా మనకు." అని, వెంటనే ఆమె మొహం చిన్నబోయింది. "కానీ మైకు ముందర అబద్ధమాడితి. గుర్తులు తప్పు చెప్పితి. అదే నాకు దిగులు. ఆయన సరిగ్గా నీ కాడికే వచ్చినాడంటావా?"

ఆ దిగులుతో మరో మూడు రోజులు అన్నం మానేసింది. ఆ వారంలో నా వాంతులు తగ్గాయి. మందు అలవాటు కావడానికి కొన్నాళ్ళు పడుతుందని నర్సమ్మ ముందే చెప్పింది. అయినా ఆమెతో మాత్రం, "వచ్చినాడు పెద్దమ్మా, సరిగ్గా నా ఇంటికే వచ్చినాడు" అన్నాను. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

తర్వాత ఆమెకు జరిగినవి చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. ఎన్నడో పోయిన ఆమె భర్త సంగతులు తవ్వి తీశారు. లారీల మీద తిరిగేవాడని ఒకరు, ఇంకేదో అని ఒకరు. ఆమె పట్టిన బిందెల్లో నీళ్ళు పారబోసి కడుక్కునేవాళ్ళు. ప్రభుబల్ల రోజు ద్రాక్షరసం పంచే చిన్న గ్లాసులన్నీ కడిగి, తెల్లగుడ్డ మీద బోర్లించే పని ఎన్నో ఏళ్ళుగా ఆమెది. ఆ పనంటే ఆమెకు ప్రాణం. పాస్టరయ్య మంచివాడే, మెత్తగానే చెప్పాడు. "అమ్మా, పెద్దదానివైనావు, ఇంక రెస్టు తీసుకో" అన్నాడట. ఆమె ఇంటికొచ్చి తన ఇంట్లో ఉన్న నాలుగు గ్లాసులూ కడిగి బోర్లించుకుంది. మైకు కూడా వేరేవాళ్ళ చేతికి పోయింది. ఇవన్నీ గోడ ఇవతల కూర్చుని నేను వింటూనే ఉన్నాను. ఈరోజు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ నాలుగేళ్ళు గడిపాను.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. రోజూ పొద్దున ఆమె నా బండి పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఒక దోసె తినేది. ఒకరోజు మిషను వదిన నన్ను పక్కకు పిలిచి, "ఆమెను ఈడ కూర్చోబెట్టుకోగాకు మ్మే. అందరూ తినే చోటు. నీ మంచికే చెప్తన్నా" అంది. నేను ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆ సాయంత్రం ఆమె దగ్గరకు పోయి, కళ్ళు పక్కకు తిప్పుకుని, "పెద్దమ్మా, ఎండకు అంత దూరం ఎందుకు నడుస్తావు, రేపట్నుంచి నేనే ఇంటికి తెచ్చిస్తాలే" అన్నాను. ఇంటికీ బండికీ ముప్పై అడుగులు కూడా ఉండవు. ఆమె నా మొహంలోకి చూసింది. "సరే మ్మే. అట్లనే కానీ. బేరం చెడగొట్టుకోగాకు" అంది. మెత్తగా మాట్లాడటం రాని మనిషి ఆ ఒక్క మాట మెత్తగా అంది. ఇదంతా ఆ మాట కోసమే రాస్తున్నాను.

పోయిన నెల ఒక పొద్దున ట్యాంకరు వచ్చినా ఆమె బయటికి రాలేదు. నేను తలుపు తోసి చూస్తే నిద్రలోనే పోయి ఉంది. ఆర్ఎంపీ డాక్టరు వచ్చి చూసి గుండె ఆగిందన్నాడు. కాలనీ మాత్రం ఆ జబ్బే తిన్నదని చెప్పుకుంది. గిద్దలూరు నుంచి చెల్లెలి కొడుకు శవపెట్టె తీసుకుని వస్తున్నాడు. ఈలోగా స్నానం చేయించి తెల్లచీర కట్టాలి. ఆడవాళ్ళంతా గుమ్మం బయట నిలబడ్డారు. పాటలు పాడారు, ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు. కానీ ఒక్కరూ గడప దాటలేదు.

"ఆసుపత్రోళ్ళ కాడ గ్లౌజులు దొరుకుతాయేమో అడగండి" అంది మిషను వదిన.

నేను లోపలికి పోయాను. గోరువెచ్చని నీళ్ళు తోడి మొహం కడిగాను, చేతులు కడిగాను. గోళ్ళ రంగు ఎంత రుద్దినా పోలేదు. వీపు కడగాలంటే పక్కకు తిప్పాలి. ఒక్కదాని వల్ల కాలేదు. రెండుసార్లు ప్రయత్నించి, జారిపోతుంటే భయపడి వదిలేశాను. గుమ్మం వైపు చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు.

"నీకు భయం లేదా మ్మే?" అంది ఎవరో.

నాకు ఉన్నంత భయం వాళ్ళలో ఎవరికీ ఉండి ఉండదు. కూతురు గుర్తొచ్చింది, బండి గుర్తొచ్చింది. అయినా చెప్పాను.

"గ్లౌజులు అక్కర్లా వదినా. ఈమెకు ఏ జబ్బూ లేదు. ఆ జబ్బు నాది. నన్ను దాచడానికి తనదని చెప్పింది. ఈ నాలుగేళ్ళూ మీరంతా నా చేతి దోసెలే తిన్నారు."

నేను అనుకోనిది ఒకటి అప్పుడు అర్థమైంది. ఇప్పుడు పెద్దమ్మను ముట్టుకోవడానికి వాళ్ళకు భయం లేదు. కానీ ఆమెకు అటుపక్క చెంబు పట్టుకుని నేనున్నాను.

తర్వాత ఏం జరిగిందో చెప్పేస్తాను. బేరం సగానికి పడిపోయింది. బాషా అన్న మర్నాడే వచ్చి, కావాలని అందరిముందూ నిలబడి నాలుగు దోసెలు తిన్నాడు. కొందరు ఇప్పుడిప్పుడే మళ్ళీ వస్తున్నారు, కొందరు వీధి మార్చి పోతున్నారు. నా కూతురు ఫోనులో విని ఏడ్చింది, తర్వాత నన్ను తిట్టింది, ఆ తర్వాత మాత్రలు వేసుకున్నావా అని అడిగింది. రేపేమవుతుందో నాకు తెలియదు. భయం పోలేదు.

ఆ పొద్దున మాత్రం గుమ్మంలో కదలిక లేక, చెంబులో నీళ్ళు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. మిషను వదిన నన్ను చూసింది, పెద్దమ్మను చూసింది. చెప్పులు విడిచింది. చీరచెంగు నడుములో దోపుకుని గడప దాటి వచ్చి, మంచానికి అవతలి పక్క మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు చేతులూ పెద్దమ్మ వీపు కిందికి పోనిచ్చింది. చెంబు దించి నేనూ ఇవతల నుంచి చేతులు పెడితే అక్కడ ఆమెకు నా చేతులు తగిలాయి. తీయలేదు.

"నీళ్ళు చల్లారిపోతన్నాయి మ్మే" అంది. "తలకాడ నువ్వు పట్టు. నడుము నేను ఎత్తుతా."